పంతొమ్మిదో నంబరు

నేను బీఏ పాసయ్యానండీ! మా పేట మొత్తానికి మొదటి డిగ్రీ నాది. రెండేళ్ళు తప్పాను. ఇవాళ పేపర్లో నా నంబరు కనిపించింది. మిరపకాయల తొడిమలు తీస్తున్న అమ్మ పరుగున వచ్చి, ఆ ఘాటు చేతులతోనే నా ముఖం తడిమింది. కళ్ళు భగభగ మండాయి. ఆ మంట చాటున కాసేపు ఏడ్చాను.

ఐదేళ్ళుగా ఒక అంకె నా గుండెల మీద కూర్చుని ఉంది. పంతొమ్మిది. మీకే చెబుతున్నాను.

డిగ్రీ మొదటి ఏడు కాలేజీవాళ్ళు మమ్మల్ని ఒంగోలు అవతల, సముద్రం ఒడ్డున సరుగుడు అడవిలో క్యాంపుకి తీసుకెళ్ళారు. పత్తిచేలు, మిరపచేలు తప్ప ఎరగనివాళ్ళం. పగలంతా మొక్కలు నాటడం, సాయంత్రం డేరాల ముందు వరసగా నిలబడి ఎవరి నంబరు వాళ్ళు అరవడం. నాది పద్దెనిమిది. నా స్నేహితుడు మస్తాన్‌ది పంతొమ్మిది. క్లాసులో ఒకరికొకరం ప్రాక్సీ పలకడం మాకు అలవాటే.

"ఒరేయ్, చెల్లికి గవ్వలు ఏరుకొస్తా. లెక్కలో నా నంబరు కూడా నువ్వే కొట్టెయ్" అన్నాడు ఆ రోజు.

"సార్ పట్టుకుంటే?"

"చర్చిలో అన్ని రాగాలు తీస్తావు, నా గొంతొక్కటి తియ్యలేవా ఏంటి?"

నవ్వుకుంటూ చెట్ల మధ్య నుంచి నీళ్ళవైపు వెళ్ళాడు.

లెక్క వేళకి గాలి పడిపోయింది. సరుగుడు చెట్లు మాత్రం ఈల ఆపలేదు. గాలి లేకుండా ఆ ఈల ఎక్కడిది? నా నంబరు చెప్పాను. తల వంచి, గొంతు మార్చి, "పంతొమ్మిది" అన్నాను. వెనక చెట్లలోంచి మెల్లగా, తడిగా, ఇంకో "పంతొమ్మిది" వినిపించింది. వచ్చేశాడు, ఆటపట్టిస్తున్నాడు అనుకున్నాను. లెక్క సరిపోయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

అప్పుడైనా ఎందుకు అరవలేదు? దాక్కున్నాడని నిజంగా నమ్మానా, సార్ తిడతారని నమ్మినట్టు నటించానా? వేరే డేరాలో పడుకుని ఉంటాడులే అని నాకు నేనే చెప్పుకుని నిద్రపోయాను.

తెల్లారాక ఒడ్డున గవ్వలు మూటకట్టిన వాడి చొక్కా దొరికింది. మస్తాన్ దొరకలేదు. సాయంత్రం లెక్కలో ఉన్నాడు కాబట్టి, రాత్రి ఎవరికీ చెప్పకుండా ఈతకు వెళ్ళాడని తేల్చారు. నేను కాదనలేదు. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, ఆ రాత్రి అన్నం తిన్నాడా అని అడిగింది. తిన్నాడమ్మా అన్నాను.

ఇప్పటికీ ఎవరైనా బస్తాలు లెక్కపెడుతుంటే పద్దెనిమిది దగ్గర చెవులు మూసుకుంటాను. ఆ తర్వాతి అంకె నా వెనక నుంచి వస్తుంది.

నువ్వు పాసైతే ముందు నాకే చెప్పాలి బాబూ, మావాడు పాసైనట్టే, అంటుంది ఆ తల్లి ఏటేటా. ఆ మాటకే ఇది రాశాను. క్షమించమని కాదు. రాశాక కాస్త ఊపిరాడింది, అంతే.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే మామయ్య. నల్లపాడు పాస్టరు గారు. ఒంగోలులో అక్క, పక్కింటి ఫోనుకి. మస్తాన్ వాళ్ళమ్మ. ఎరువుల కొట్టుకి చేస్తే పిలుస్తారు. పాసయ్యానని చెప్పి పెట్టెయ్యకూడదు. అన్నం తిన్నాడా అని ఆమె మళ్ళీ అడగదు. నేనే చెప్పాలి, తినలేదమ్మా అని.