మా ఇంటి ఎర్రలైటు

బిల్డరు నడిరోడ్డు మీద రెండు వరసల బండ్ల మధ్య ఇరుక్కుని, "ఎవరైనా ఆపండమ్మా!" అని కేక పెట్టినప్పుడే ఆ గొడవలో మా కోడలు నెగ్గిందని నాకు అర్థమైంది.

గొడవ మొదలైంది బస్టాండు పక్కనున్న నగరపాలక హాల్లో. బస్టాండు ఎదురుగా ఆయన పెద్ద షాపింగ్ భవనం కడతానన్నాడు. ఊళ్లో ఎవరు ఏం కట్టబోయినా, దానివల్ల రోడ్డు మీద రద్దీ ఎంత పెరుగుతుందో, ఎవరికి ఇబ్బందో చూసి చెప్పడం మా కోడలి ఉద్యోగం. నగరపాలక కార్యాలయంలో ఇంజినీరు. అభ్యంతరాలుంటే వచ్చి చెప్పమని జనాన్ని పిలిచారు. ఫ్యాన్లుంటాయి కదా అని నేనూ వెళ్లాను.

"గేటు బస్టాండు వైపే ఉండాలి. కార్లకి పెద్ద ఆలస్యమేమీ ఉండదు, రిపోర్టు చూడండి" అన్నాడు బిల్డరు.

"కార్ల సంగతి రాశారు. బస్సు దిగి నడిచొచ్చేవాళ్ల సంగతేదండీ?" అంది మా కోడలు.

"నడిచేవాళ్లకేముందమ్మా, ఎలాగోలా దాటేస్తారు."

"అయితే మీరు దాటి చూపించండి. పక్కనే కదా, పదండి."

నలుగురిలో కాదనలేక లేచాడు. హాలు హాలంతా ఆయన వెనకే కదిలింది. మొదటి వరస ఎలాగో దాటాడు. రెండో వరసని ఆయన పొట్ట దాటింది గానీ మిగతా మనిషి దాటలేకపోయాడు. చివరికి మా కోడలే చెయ్యెత్తి బండ్లాపి, ఆయన మోచెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చింది. ఒక్క నవ్వు కూడా నవ్వలేదు. ఆవిడ వంతు కూడా నేనే నవ్వాను. గేటు వెనకవైపు వెడల్పు రోడ్డు మీదికి మారింది.

ఆఫీసులో ఈవిడకి 'ఎర్రలైటు' అని పేరు పెట్టారు. ఏ ఫైలొచ్చినా ఆపుతుందట. ఆ మాట మోసుకొచ్చింది నా కొడుకే.

"ఆపడం నా పని కాదు. ఎవరి కోసం ఎవరు ఆగాలో చూడటం నా పని" అంటుంది.

ఇంట్లోనూ అదే వరస. కాపురానికొచ్చిన కొత్తలోనే వంటింట్లో ఫ్రిజ్ చోటు మార్పించింది.

"మంచినీళ్లకొచ్చేవాళ్లూ, పొయ్యి దగ్గర మీరూ ఒకే మూల గుద్దుకుంటున్నారు అత్తయ్యా" అంది.

నా పెళ్లినాటి నుంచీ ఆ మూలలోనే ఉండేది ఫ్రిజ్! కొన్నాళ్లు మాటలు మానేశాను. తర్వాత చూస్తే, వేడిగిన్నె చేతిలో ఉండగా నన్నెవరూ గుద్దడం లేదు. ఆ ముక్క ఆవిడకి చెప్పలేదు. చెబితే ఇల్లంతా మార్చేస్తుంది.

ఇప్పుడు మా వీధి చివర రోడ్డుకి అవతల ఆసుపత్రి కడుతున్నారు. అందరికంటే నాకే ఆనందం. మోకాళ్ల కోసం రెండు బస్సులెక్కే బాధ తప్పుతుంది. అయితే, నడిచేవాళ్లకి అక్కడ వెలిగే పచ్చలైటు ఇలా వెలిగి అలా ఆరిపోతుంది. దాన్ని ఇంకాసేపు ఉంచాలని మా కోడలు, కార్లు ఇంకా పెరుగుతాయి కాబట్టి కుదరదని వాళ్ల పెద్దాఫీసరు. రేపు వాళ్లంతా వచ్చి, చూసి, తేల్చేస్తారు. ఒకసారి తేలిందంటే ఇక అంతే.

ఇందాక భోజనాల దగ్గర మా కోడలు అంది, "అందరూ ఒకేలా నడుస్తారని మా సార్ నమ్మకం. పెద్దవాళ్లు దాటడం ఆయన కళ్లారా చూడాలి."

"పక్కింటి కుట్టుమిషన్ వదినని తీసుకెళ్లవే. తుంటి విరిగినప్పటి నుంచీ కర్ర పట్టుకునే నడుస్తోందిగా."

"కర్ర చూస్తే 'ఇలాంటివాళ్లు ఎందరుంటారులే' అంటారు. కర్ర లేని మామూలు పెద్దావిడ కావాలి. మా అత్తగారని చెప్పే తీసుకెళ్తాను."

"నేనా! ఈ వీధిలో నాతో సమానంగా నడిచేదెవరే? మొన్న పోస్ట్‌మ్యాన్‌నే దాటేశాను!"

నా కొడుక్కి పొలమారింది. "వద్దు తల్లీ, అమ్మ నడక చూస్తే ఉన్న టైము కూడా కోసేస్తారు" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. వాడు చెయ్యి కడుక్కోవడానికి లేచేదాకా ఆగింది. అప్పుడు కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"అత్తయ్యా, ఎవరైనా చూస్తుంటే మీరు గబగబా నడుస్తారు. మలుపు తిరిగాక గోడ పట్టుకుంటారు. ఆఫీసుకెళ్తూ బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

మూత పెట్టే ఉన్న పచ్చడి జాడీకి మళ్లీ మూత పెట్టాను.

"రేపు అంతమంది ముందు, ఎవరూ చూడనప్పుడు నడిచినట్టు నడవండి. అంతే నేనడిగేది."