మూడే మారాయన్నాను

తార్నాకలో మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న భార్యాభర్తలు లాలాపేట్ నుంచి వచ్చేవారు. ఆయన హెచ్ఐవికి ఏళ్లుగా మందులు వాడుతున్నాడని ఆమె చెబితేనే తెలిసింది. రక్తపరీక్షలో వైరస్ కనిపించడం లేదు. అయినా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది, చొక్కాల లెక్క మరిచిపోతున్నాడు. డాక్టర్లు ఆయన వెన్నులోంచి, మెదడు చుట్టూ కూడా ఉండే నీరు తీసి, అందులోని వైరస్‌ను పరీక్షించమని యూనివర్సిటీలో మా ల్యాబ్‌కు పంపారు.

నేనక్కడ గుమాస్తాని. చదివింది కామర్స్. వైరస్ జన్యువును నాలుగే అక్షరాలతో రాస్తారని, రెండు వరుసలు పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కించవచ్చని కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకున్నాను. ల్యాబ్ నడిపే మేడమ్ సరిచూసినప్పుడు నా లెక్క ఎన్నడూ తప్పలేదు. ఆ గర్వం నాకుండేది.

మేడమ్ సెలవులో ఉండగా ఆయన ఫలితం వచ్చింది. మందులు మొదలుపెట్టక ముందు దాచిన రక్తంలోని వైరస్‌తో పోల్చాను. వెయ్యికి పైగా అక్షరాల్లో మూడే మారాయి. రెండుసార్లు లెక్కపెట్టాను.

సాయంత్రం బట్టల కోసం వెళితే ఆమె అడిగింది. "సారూ, రిపోర్ట్ అచ్చిందా? మా తమ్ముని పెండ్లున్నది. ముందుగాల దవాఖానకు పోవాల్నా, పెండ్లయినంక పోవాల్నా?"

"పెండ్లి బిర్యాని తిన్నంకనే పోదాం" అన్నాడు ఆయన.

"బిర్యాని యాదుంటది, గోలీలు యాదుండయి నీకు."

మేడమ్ వచ్చాక చెబుతారమ్మా అంటే సరిపోయేది. "వెయ్యిలో మూడే మారినాయమ్మా, చానా తక్కువ. పెండ్లి చూసుకొని రాండి" అన్నాను.

మేడమ్ వచ్చి నేను లెక్క రాసిన కాగితం చూశారు. "ఎన్ని మారాయని కాదండీ, ఎక్కడ మారాయో చూడాలి. ఈ మూడూ మందు వైరస్‌ను పట్టుకునే చోటే ఉన్నాయి. మెదడు వైపు వైరస్‌కు ఆ మందు పనిచెయ్యదు." వెంటనే దవాఖానకు ఫోన్ చేశారు. దవాఖాన వాళ్లు పెళ్లికని ఊరెళ్లిన ఆమెకు చేశారు. పదహారు రోజుల పండగ అయ్యాక వస్తామంది. సారు తక్కువే అన్నడని కూడా చెప్పిందట. ఏ సారని మేడమ్ నన్ను అడగలేదు.

ఆయన ఊళ్లోనే పడిపోయాడు. నేను చెప్పిన రోజు నుంచి ఆయన్ని దవాఖానలో చేర్చిన రోజుకు పంతొమ్మిది రోజులు. మందులు మార్చారు. మాట, జ్ఞాపకం చాలావరకు తిరిగొచ్చాయి. కుడిచెయ్యి రాలేదు. ఇప్పుడు ఇస్త్రీపెట్టె ఆమె పట్టుకుంటుంది.

చాలా నెలలు వేరే దారిన తిరిగి, ఒకరోజు వెళ్లి చెప్పాను. "అమ్మా, ఆ పొద్దు నేను చెప్పింది తప్పు. అప్పుడే దవాఖానకు పోయింటే బాగుండేది."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "అప్పుడే పోతే చెయ్యి నిలుస్తుండెనా సారూ?"

"చెప్పలేనమ్మా."

"మూడని మాత్రం జల్దిన చెప్తిరి."

ఆయన తలెత్తకుండా ఎడమచేత్తో ఎవరిదో చొక్కా మడత పెడుతున్నాడు. కాలరు సరిగా కుదరలేదు. మళ్లీ విప్పాడు.