మేకలు నిలిచిన మలుపు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి చదువు తలకెక్కి ఉంటుంది. అది దిగడానికి కొందరికి కొన్నేళ్లు పడుతుంది, నాకు ఒక మేకల మంద సరిపోయింది. అప్పుడు నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే తాత్కాలిక లెక్చరర్ని. (పెళ్లిచూపుల్లో 'తాత్కాలిక' అనే మాటను మింగేసేవాణ్ణి.) తనిఖీ బృందం వస్తుందనగా ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, మర్రిపాడు దాటాక బద్వేలు రోడ్డు పక్క కొండల్లో తిరిగే సీతాకోకచిలుకల్లో ముప్పై రకాలకు ఫోటోలు తీసి, ఏది ఎక్కడ దొరికిందో రాసి ఇమ్మన్నారు. ఇస్తే వచ్చే ఏడాదీ ఉంటానట, ఇవ్వకపోతే నా పాఠాలు ఇంట్లో చెప్పుకోవచ్చట.

వానలు వెలిసి కొండలు పచ్చగా ఉన్న రోజులవి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు ఆదివారాలు మోటారు సైకిలు మీద ఆ మలుపులన్నీ తిరిగాను. సీతాకోకచిలుక అంటే పువ్వు మీద వాలేది, ఇందులో అనుమానమేముంది? పూసిన ప్రతి పొదలోనూ తల పెట్టాను. ముళ్లు గీరుకున్నాయి, కందిరీగ కుట్టింది, రకాలు మాత్రం పదకొండు దాటలేదు. (అందులో ఒకటి ఎండుటాకని ఫోటో పెద్దది చేసి చూశాక తేలింది.) మూడో ఆదివారం, అక్కడ మేకలు మేపుకునే ఒక అవ్వ కర్ర మీద గడ్డం ఆనించి నన్ను చాలాసేపు చూసి, ఏం పోగొట్టుకున్నావని అడిగింది. సీతాకోకచిలుకల కోసమని చెప్పాను.

"దానికింత కతేంది నాయనా? మా మేకలు ఉచ్చపోసిన కాడికి రా. కుప్పలు కుప్పలు ఉండాయి."

మలుపు తిరిగితే తడిమట్టి మీద పసుపువీ తెల్లవీ నీలివీ, రెక్కలు ముడుచుకుని వందలకొద్దీ తాగుతున్నాయి. ఆ తడిలోని ఉప్పు కోసమే అవి వస్తాయని నేను పరీక్షలో ఒకటిన్నర పేజీ రాసి మార్కులు కూడా తెచ్చుకున్నవాణ్ణే. నేల మీద బోర్లా పడుకుని, మధ్యాహ్నానికి పాతవాటితో కలిపి ముప్పై మూడు పూర్తి చేశాను. ఆ సంతోషంలో వాసన కూడా తెలియలేదు. ఇక మిగిలింది 'దొరికిన చోటు' అనే గడి. పెద్దమనుషులు చదివే నివేదికలో మేకల సంగతి ఎలా రాయడం? 'ఖనిజ లవణాలు గల సహజ ఊటనేల' అని రాసి, నా తెలుగుకు నేనే మురిసిపోయాను.

తనిఖీకి వచ్చిన పెద్దాయనకు ఆ ఊటనేల తెగ నచ్చి, చూసి తీరాలన్నారు. జీపులో అందరం వెళ్లాం. నేల ఎండిపోయి ఉంది, ఒక్క రెక్క లేదు. ఊట ఎక్కడని ఆయన అడిగారు. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అంతలో మందతో అవ్వ వచ్చి, నేను నోరు తెరిచేలోపే, "ఊటేందయ్యా, మా మేకలే ఊట. రొంతసేపు నిలబడండి, పోస్తాయి" అంది.

పెద్దాయన నిజంగానే నిలబడ్డారు, అరగంట. మేకలు తమ పని కానిచ్చాయి. ఒకటి, రెండు, ఇరవై వచ్చి వాలాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని తనివితీరా చూసి, నా నివేదికలో ఊటనేల కొట్టేసి, 'మేకలు ఉచ్చపోసిన చోటు' అని తన చేత్తో రాసి సంతకం పెట్టారు. ఇది రాయడానికి సిగ్గెందుకు, నువ్వు కనుక్కున్నదే ఇది కదా అన్నారు. నేను కాదు సార్, ఈ అవ్వ అన్నాను. ఆ నివేదిక గురించి నేను చెప్పిన మొదటి నిజం అదే.

నన్ను ఉంచేశారు. మరుసటి వారం పండ్లు తీసుకెళ్లి, నా ఉద్యోగం నిలబెట్టావవ్వా అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది.

"నీకు ఉద్యోగం ఉండాదా? పనీపాటా లేని బిడ్డవనుకోని ఇన్నాళ్లూ జాలిపడినాను నాయనా."

ఇప్పుడు ఉదయగిరిలో పర్మినెంటు మేష్టారినై, చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇస్త్రీ చొక్కాతో పొదల్లో తల పెట్టిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.