చల్లటి ఇంజను

నా చెల్లెలి కూతురు చొక్కాలు కుట్టే కర్మాగారంలో తనిఖీ పని చేస్తుంది. కుట్టి వచ్చిన ప్రతి చొక్కాకూ బొత్తాలను రెండు వేళ్ళతో పట్టి లాగి చూడటమే ఆమె ఉద్యోగం. ఊడివస్తే ఆ చొక్కా వెనక్కి. కుట్టేవాళ్ళు కడుపుమంటతో ఆమెకు పెట్టిన పేరు నిప్పు. ఆ పేరు గేటు దాటి ఇంటిదాకా వచ్చింది. ఆమె మొగుడికి మేము పెట్టుకున్న పేరు సర్లే. ఇల్లు కూలుతోందని చెప్పినా అతను "సర్లే" అని, తల దువ్వుకుని మరీ బయటికొచ్చే మనిషి.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు ఉబ్బసం. పోయిన వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఊపిరి అందక పెదవులు నల్లబడ్డాయి. వాళ్ళ పాత పెట్రోలు కారు తాళం తిప్పితే దగ్గింది, మళ్ళీ తిప్పితే అదీ మానేసింది. ఆ కారును నేనెరుగుదును. పక్కన ఎద్దు తుమ్మితే ఆ అదురుకు కదిలేది. ఎద్దుకు జలుబు లేని రోజున మనమే తోసుకోవాలి. చివరికి పాల వ్యానులో, డబ్బాల మధ్య పిల్లను ఒళ్ళో పెట్టుకుని నిప్పు ఆసుపత్రికి చేరింది. పిల్ల దక్కింది. కారు మాత్రం తుక్కు కొట్టుకు పోయింది.

అప్పటినుంచి ఆమెకు కావలసింది ఒక్కటే: పిలిచిన వెంటనే పలికే కారు. కొత్తది కొనే తాహతు లేదు. రోజూ కర్మాగారం, బడి, ఆసుపత్రి తిరగాలి గనుక డీజిలు కారైతే గిట్టుబాటవుతుందని తేల్చుకుంది. సరిగ్గా అప్పుడే సర్లే వాళ్ళ అన్న తన డీజిలు కారు అమ్మకానికి పెట్టాడు.

"బయటివాళ్ళకెందుకురా, మనింట్లోనే ఉంటుంది" అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు మండింది. మన కుటుంబాల్లో ఒక దిక్కుమాలిన మర్యాద ఉంది. అయినవాళ్ళ దగ్గర కొనేటప్పుడు వస్తువును పరీక్షించి చూడకూడదట. చూస్తే అనుమానించినట్టట! ఈ మర్యాద పుణ్యమా అని మా వంశంలో ఒక కుంటి మంచం నాలుగిళ్ళు తిరిగి, మొదట దాన్ని అమ్మినవాడికే పెళ్ళి కానుకగా చేరింది.

ఆదివారం ఉదయం, పెద్దదిక్కుగా నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. రేకుల షెడ్డు కింద కారు కడిగిన ముత్యంలా ఉంది. లోపల అత్తరు కొట్టారు. సర్లే వెళ్ళి మెత్తటి సీట్లో కూర్చుని పాటలు పెట్టుకున్నాడు. నిప్పు తిన్నగా ముందుకు వెళ్ళి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది.

"బావగారూ, పొద్దున్నే ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?"

"లేదమ్మా. రెండ్రోజులుగా కదల్లేదు."

"మరి కాలిపోతోందేం?"

"ఎండకి."

"నీడలోనా?"

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "మీరొస్తున్నారని కాసేపు ఆన్ చేసి ఉంచాన్లే. అదీ తప్పేనా?"

"తప్పేముంది? వేడి మీద ఏ ఇంజనైనా పలుకుతుంది. చల్లారాక చూస్తాను." ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుని కారు ముందు కూర్చుంది.

తోడికోడలు టీ తెచ్చింది. "కారు చూడ్డానికొచ్చావా, కాపలా కాయడానికా?"

"రెండిటికీ అక్కా. చక్కెర కొంచెం తగ్గింది."

అన్న తమ్ముడి మీద పడ్డాడు. "ఒరేయ్, నీ పెళ్ళానికి చెప్పరా!"

"సర్లే అన్నయ్యా" అన్నాడే కానీ, అతను ఆమెకేమీ చెప్పలేదు.

"పెద్దవారు, మీరైనా చెప్పండి" అని నా వైపు తిరిగాడు.

"టీ అయితే ఊది చల్లార్చేవాణ్ణి బాబూ. ఇంజను నావల్ల కాదు" అన్నాను.

పొద్దు నడినెత్తి దాటింది. ఎవరూ భోజనం మాటెత్తలేదు. నిప్పు మళ్ళీ చెయ్యి పెట్టి చూసి, మొగుణ్ణి తాళం తిప్పమంది. ఇంజను మూలిగింది. మళ్ళీ తిప్పితే ఇంకాస్త గట్టిగా మూలిగింది. ఎంతో బతిమాలించుకుని, డబ్బాలో రాళ్ళు పోసి కుదిపినట్టు చప్పుడు చేస్తూ స్టార్టయింది. షెడ్డంతా నీలం పొగ. తోడికోడలు చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"డీజిలన్నాక ఆ మాత్రం పొగుండదా?" అన్నాడు అన్న.

నిప్పు కుర్చీలోంచి లేచింది. "ఊపిరాడని పిల్లని ఈ పొగలో కూర్చోబెట్టి తాళం తిప్పుకుంటూ ఉండనా? ఆరోజు ఆసుపత్రికొచ్చారు కదా మీరు! దాని మూతికి గొట్టం చూసి కళ్ళు తుడుచుకున్నారు కదా! ఆ పిల్లకే అంటగడతారా దీన్ని?"

"సొంత బావని పట్టుకుని ఇంతింత మాటలా?" అన్నాడు అన్న.

"బయటివాళ్ళైతే మెకానిక్‌ని వెంట తెస్తారు. మేమైతే మర్యాదకి నోరు మూసుకుంటామనేగా!"

సర్లే ఇంజను ఆపి దిగాడు. అన్న చేతిలో తాళం పెట్టాడు. "పద" అన్నాడు పెళ్ళాంతో. అతని నోట ఆ ముక్క నేను వినడం అదే మొదలు.

తరవాత వాళ్ళు కొన్నది ఊరవతల ఒక ముసలి డ్రైవరు కారు. ముక్కూ మొహం తెలియని మనిషి. "పొద్దున్నే రండమ్మా, మీరొచ్చేదాకా ముట్టుకోను" అన్నాడట. రంగు వెలిసింది, వెనక అద్దం సగమే దిగుతుంది. ఆ సంగతి ఆయనే ముందు చెప్పాడు. తెల్లవారుజాము మంచులో ఒక్క తిప్పుకు పలికింది. అయినా మెకానిక్‌ని కిందికి దూర్చి చూపించాకే నిప్పు సరేనంది. ఈ వానాకాలంలో రెండుసార్లు పిల్లను తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఆ కారులోనే.

బావగారి కారుకు ఇంకో బేరం వచ్చింది. కొనబోయేది పిల్ల బడిలో గుమాస్తా. మంచాన ఉన్న తల్లిని వైద్యానికి తిప్పడానికట. ఆ సంగతి తెలిసి నిప్పు అతనికి ఫోను చేసింది. బేరం విరిగింది. ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉండగానే బావగారి ఫోను వచ్చింది. అరుపులు నాకూ వినిపించాయి.

"నా కారు గురించి వాడికేం చెప్పావు?"

"కారు గురించి ఒక్క ముక్క చెప్పలేదు బావగారూ. మీరు పొద్దున్నే లేస్తారని చెప్పాను. మీకన్నా ముందు వెళ్ళమన్నాను."