మ్యాపులో నిలిచిపోయిన షామియానా

మా వీధికి సిమెంటు రోడ్డు వేస్తున్నారని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది మా అమ్మ. భిలాయిలోని వైశాలి నగర్‌లో మా వీధి పెద్ద పొడవేమీ కాదు. చివర మెయిన్ రోడ్డు, ఆ మలుపులో పాల బూత్, బూత్ పక్కన ఒక గచ్చు తిన్నె. సాయంత్రమయ్యేసరికి మన తెలుగు ఆడవాళ్లు ఆ తిన్నె మీద చేరతారు. అందరూ స్టీలు ప్లాంటులో రిటైరైనవాళ్ల భార్యలే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పెళ్లిళ్లయి వచ్చి, మరోదా క్వార్టర్లలో పిల్లల్ని పెంచి, ఆ తర్వాత ఇటు సొంత ఇళ్లకు చేరినవాళ్లు. తోటకూర ఏరుకుంటూ, ఎవరి కోడలు ఎలాంటిదో తేలుస్తుంటారు. ఆ సభలో మా అమ్మ మాటకు బరువెక్కువ.

నాన్న ఉన్నన్నాళ్లు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తిన్నె మీద కూర్చోబెట్టి, తను పాలు తీసుకుని వచ్చేసేవారు. ఆయన పోయాక అమ్మ ఏడాదిపాటు గడప దాటలేదు. ఏడాది తిరిగింది. మోకాలి ఆపరేషన్ కూడా అయింది. చక్రాల వాకర్ కొన్నాం. ఇక తిన్నె దాకా వెళ్లడమే తరువాయి. కానీ మా వీధి నిండా కంకర, మధ్యమధ్య గుంటలు. వాకర్ చక్రం ప్రతి రాయి దగ్గరా ఆగి దణ్ణం పెట్టేది. సరిగ్గా అప్పుడే రోడ్డు వస్తుందన్నారు.

వచ్చింది. మెయిన్ రోడ్డు దగ్గర మొదలై, చక్కగా చదునుగా సాగి, మా పక్కింటికి అవతలి ఇంటి గేటు ముందు ఆగిపోయింది.

నేను సుపేలా బజారులో నా ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం మూసి ఇంటికి వచ్చేసరికి, పనివాళ్లు పారలు కడుక్కుంటున్నారు. సూపర్‌వైజర్‌ని పట్టుకున్నాను.

"భయ్యా, నక్షా మే ఆగే బిల్డింగ్ హై," అన్నాడతను. తన ఫోన్‌లో మ్యాపు చూపించాడు. మా ఇంటి ముందు, వీధికి అడ్డంగా, ఒక గులాబీ రంగు పెట్టె. అది బిల్డింగట. బిల్డింగు ఉన్నచోట రోడ్డు వేయకూడదట. ఆ బిల్డింగు ఉండవలసిన చోట ఆ సమయానికి మేమిద్దరం, ఒక కుక్క నిలబడి ఉన్నాం.

"అంటే మనం ఇప్పుడు దాని లోపల ఉన్నామా?" అని హిందీలో అడిగాను.

నా వెటకారం అతన్ని తాకలేదు. ఫోన్ అటూ ఇటూ తిప్పి, మేమున్న చోటు చూపే నీలం చుక్క ఎక్కడుందో చూసి, "హోనా తో చాహియే," అన్నాడు. ఉండాలి మరి, అని. మర్నాడు మిషను ఎత్తుకుని వేరే వీధికి వెళ్లిపోయాడు.

మిగిలింది రెండిళ్ల మేర. ఆరోగ్యంగా ఉన్నవాడికి అది దూరమే కాదు. మా అమ్మకు అదే సముద్రమైంది, ఎందుకంటే సిమెంటు రోడ్డు అంచు కంకర కన్నా జానెడు ఎత్తున ఉంది. చెక్క వేశాను. మొదటి వానకు అది నానింది, అమ్మ వాకర్‌తో సహా జారబోయి గోడ పట్టుకుంది. ఆ తర్వాత చెక్క వైపు కూడా చూడలేదు. స్కూటర్ ఎక్కమంటే మోకాలు వంగదు. ఆటో పిలుస్తానంటే, "గోరంత దూరానికి ఆటో ఏటిరా, నలుగురూ నవ్విపోరా," అంది. పోనీ ఆ నలుగురూ మా ఇంటికి రావచ్చు కదా అనుకున్నాను. వాళ్లకూ మోకాళ్లున్నాయి. ఫోన్లు చేసేవారు. "నీవు నేకపోతే తిన్నె బోసిగా ఉంది అప్పా," అనేవారు. అప్ప అంటే మా వైపు అక్క. రెండిళ్ల బురద దాటి వచ్చి ఆ ముక్క చెప్పినవాళ్లు లేరు. అమ్మ సాయంత్రాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వాళ్ల నవ్వులు వినిపిస్తాయేమోనని అటే చూస్తూ కూర్చునేది. నాకు అది చూస్తే ఒళ్లు మండిపోయేది, ఎవరి మీదో తెలియకుండా.

మ్యాపు తప్పని నిరూపించాలంటే ముందు మ్యాపు చేతికి రావాలి. కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి సాబ్ మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, టీ చెప్పాడు. ప్రింటు కావాలా, డేటా కావాలా అని అడిగాడు. ప్రింటు చూపించమన్నాను. గోడంత కాగితం మీద ఊరంతా ఉంది, మా వీధి చీమ కాలంత ఉంది. డేటా ఇమ్మన్నాను. దానికి దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఎందుకు కావాలో ప్రయోజనం చెప్పాలి. చదువు, పరిశోధన, ప్రభుత్వ పథకం అని మూడే ఉన్నాయి. అమ్మ తిన్నె దాకా నడవడం వాటిలో లేదు. "రీసర్చ్ కర్ దీజియే," అని సలహా ఇచ్చాడు సాబ్. ఫ్యూజులు, హోల్డర్లు అమ్ముకునే నేను ఆ విధంగా పరిశోధకుణ్ణయ్యాను.

డేటా మెయిల్‌లో వచ్చింది. మా దుకాణం కంప్యూటర్‌కు బిల్లు కొట్టడం తప్ప మరో విద్య రాదు. ఫైలు తెరిస్తే చుక్కలు, గళ్లు, ప్రశ్నార్థకాలు కనిపించాయి. ప్రభుత్వం నన్నే ఎదురు ప్రశ్నిస్తోందనుకున్నాను. చివరికి మా అమ్మాయి, డిగ్రీ అయి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటోంది, ఇలాంటివి తెరిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదో దింపుకుంది. మా అమ్మాయికి తెలుగు వచ్చు, హిందీ ఇంకా బాగా వచ్చు. అందుకని రెండూ కలిపి మాట్లాడుతుంది.

మొదటిసారి తెరిచినప్పుడు మా వార్డు సముద్రంలో పడింది.

"యే క్యా, నాన్నా, మొత్తం సముద్రంలో చూపిస్తోంది," అంది. ఏదో లెక్క పొసగలేదట.

మంచం మీద నుంచి అమ్మ అడిగింది, "సముద్రమంటే మన భీమిలి దగ్గరేటే?"

"కాదు నానమ్మా. ఆఫ్రికా సైడ్."

"అయితే మనకి రోడ్డేటి, పడవెయ్యాల," అని అటు తిరిగి పడుకుంది.

అమ్మాయి లెక్క సరిచేసి వార్డును సముద్రంలోంచి తీసి భిలాయిలో పెట్టింది. రోడ్లు ఒక పొర, కాలవలు ఒక పొర, కట్టడాలు ఒక పొర. ఒక్కొక్కటే పరిచింది. మా గులాబీ పెట్టె కనిపించింది. దాని మీద నొక్కితే వివరాలు వచ్చాయి. ఒక అంతస్తు, రేకుల కప్పు, వాడుక తెలియదు. అది మా ఇంటి గోడ నుంచి ఎదురింటి గోడ దాకా, అటు రెండిళ్లు, ఇటు ఒక ఇల్లు కలుపుకుని ఉంది. అంత పెద్ద కట్టడం మా ఇంటి ముందు ఉంటే నేనెప్పుడో అద్దెకిచ్చేవాణ్ణి.

తర్వాత అమ్మాయి, డేటాతో పాటు వచ్చిన ఫోటోను, మ్యాపు గీయడానికి డ్రోన్‌తో పై నుంచి తీసినదాన్ని, అడుగున పరిచింది. పెట్టె కింద తెల్లటి గుడ్డ, చుట్టూ నీలం అంచు. అంచు బయట ప్లాస్టిక్ కుర్చీలు కొన్ని. మా గోడ వారగా వంట గుండిగలు, వాటి మీద మూతలు. గేటు దగ్గర చెప్పుల గుంపు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అవి నాన్న పన్నెండో రోజు భోజనాలు.

ఇల్లు చాలదని వీధికి అడ్డంగా షామియానా వేయించాను. భిలాయిలో అందరూ చేసేదే, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ రోజు పైన డ్రోన్ తిరిగిందని మాకెవరికి తెలుసు? వడ్డన హడావిడిలో ఎవరు తలెత్తి చూస్తారు? సాయంత్రానికి టెంటువాళ్లు గుడ్డ విప్పి పట్టుకుపోయారు. ఆఫీసులో మాత్రం ఎవరో ఓపిగ్గా దాని చుట్టూ గీత గీసి, రేకుల కప్పు అని రాసి, శాశ్వతం చేశారు. వాళ్ల తప్పు కూడా అనలేను. పై నుంచి చూస్తే అది నిజంగానే కప్పులా ఉంది.

అమ్మ తనకూ చూపించమంది. లాప్‌టాప్ ఒళ్లో పెట్టాం. చాలాసేపు చూసింది.

"ఇందులో నానెక్కడున్నానే?"

"లోపల, నానమ్మా. టెంట్ కే నీచే."

"మరందుకే కాబోలు, బయటికి రాలేకపోతన్నాను."

మామూలుగా అయితే అమ్మ మాటలకు నవ్వేవాణ్ణి. ఆ మాటకు నవ్వు రాలేదు.

ఫోటో పట్టుకుని మళ్లీ సాబ్ దగ్గరకు వెళ్లాను. ఆయన పెద్దది చేసి చూసి, "హా, టెంట్ హీ లగ్తా హై," అని ఒప్పుకున్నాడు. పాపం, మనసున్న మనిషి. నాన్నగారి గురించి రెండు మంచి మాటలు కూడా అన్నాడు. కానీ సిస్టమ్‌లో మూడు దారులే ఉన్నాయి. కట్టడం కొత్తగా కట్టారు, కట్టడం పెంచారు, కట్టడం కూల్చారు. అసలు లేనే లేదు అనడానికి దారి లేదు. కూల్చారు అని పెడితే తీసేస్తారు. దానికి అక్కడే నిలబడి, ఏ చోట తీశారో ఫోటో మీద ముద్ర పడేలా ఫోన్‌తో తీసిన రెండు ఫోటోలు కావాలి. ఉన్నప్పటిది ఒకటి, కూల్చాక ఒకటి.

"లేనిదాన్ని ఉన్నట్టు ఫోటో ఎలా తీయాలి?" అన్నాను.

"టెంట్ లగా దీజియే, భయ్యా. ఫిర్ నికాల్ దీజియే." వేయండి, తర్వాత తీసేయండి. హాస్యమాడుతున్నాడేమోనని ముఖం చూశాను. ఆయన అప్పటికే తర్వాతి మనిషిని పిలిచాడు.

సుపేలాలో నా దుకాణానికి నాలుగు అడుగుల్లో టెంటు హౌస్ ఉంది. ఓనరు మనవాడే, బొబ్బిలి వైపు వాళ్లు. నాన్నకు వేసింది ఆయన టెంటే. ఫోటోతో సరిపోవాలి కాబట్టి అదే కావాలన్నాను. తెల్లది, నీలం అంచుది.

"తెల్లదా?" ఆయన గొంతు తగ్గించాడు. "ఎవులు పోనారు అన్నా?"

"ఎవరూ పోలేదు."

"మరి?"

"ఫోటో కోసం."

"ఎవుల ఫోటో?"

"టెంటు ఫోటో."

ఇంకేమీ అడగలేదు. బాధలో ఉన్న మనిషిని ఎక్కువ కదపకూడదనుకున్నాడేమో. ఆదివారం పొద్దున్నే టెంటు పంపాడు, నేను అడగని కుర్చీలు కూడా పంపాడు. తెల్ల టెంటుకు కుర్చీలు లేకపోవడం ఆయన ఊహకు అందలేదు.

వేశారు. అమ్మ వాకర్‌తో గేటు దాకా వచ్చి, ఇదేటో చూస్తానని టెంటు కింద ఒక కుర్చీలో కూర్చుని, గోంగూర కట్ట ముందేసుకుంది. అమ్మాయి వీధి చివర నిలబడి ఫోటో తీయబోయింది. మబ్బుగా ఉంది, ఫోన్ మమ్మల్ని పక్క వీధిలో చూపిస్తోంది. సరైన చోటు దొరికేదాకా ఆగాలంది. ఆగాం.

ఆ ఆగడంలో జరిగింది. పాలకు వచ్చిన ఒకావిడ మలుపులోంచి మా ఇంటి ముందు తెల్ల టెంటు చూసింది. పాటల్లేవు, మామిడాకుల్లేవు, తెల్లగుడ్డ, వరసగా కుర్చీలు. మన భిలాయిలో దానికి ఒకటే అర్థం. పాల డబ్బా అక్కడే పెట్టేసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, బురదలోంచి ఏడుస్తూ వచ్చింది.

"ఓలమ్మా, అప్పా, సెప్పకుండా ఎలిపోనావా..."

టెంటు లోపలికి వచ్చేసరికి అప్ప గోంగూర ఏరుతోంది.

"ఏటి, అలాగ నిలబడిపోనావు?" అంది అమ్మ. "కూకో."

ఆవిడ ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. "నువ్వు బాగున్నావేటి?" అంది, ఎంతో కొంత నిష్ఠూరంగా.

బాగానే ఉంది. కానీ ఆవిడ దారిలోనే ఫోన్లు చేసేసింది. ఒకరొకరుగా అందరూ వచ్చారు. మోకాళ్లవాళ్లు, షుగరువాళ్లు, మెట్లు దిగకూడదని డాక్టరు చెప్పినవాళ్లు. బురద వాళ్లనెవరినీ ఆపలేదు. మరోదా నుంచి ఒకావిడ ఆటోలో పూలదండతో వచ్చింది. అమ్మను చూసి దండ వెనక్కు దాచుకుంది.

"తెచ్చినావు గదా, దాస్తావెందుకు? లోపల ఆయన ఫోటోకి ఎయ్యి," అంది అమ్మ.

నేను వచ్చినవాళ్లందరికీ డ్రోన్ గురించి, పొరల గురించి వివరించాను. అంతా విని ఒకావిడ, "అయితే గవర్నమెంటోళ్లు మీయమ్మ పోనాదని రాసీసినారేటి?" అంది. ఇక వివరించడం మానేసి టీ పెట్టించాను. మొదట్లో సిగ్గుపడుతూ కూర్చున్నారు. కాసేపటికి గోంగూర కట్ట చేతులు మారింది, కోడళ్ల సంగతులు మొదలయ్యాయి. ఏడాదిన్నరగా ఆగిపోయిన నవ్వు అమ్మ గొంతులో వినిపించింది. దూరంగా నిలబడి వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి. వీళ్లందరి మీదా ఇన్నాళ్లూ పెంచుకున్న కోపం కూడా పోలేదు. రెండూ కలిసే ఉన్నాయి.

రోడ్డు సంగతి చెప్పేస్తాను. వానలు తగ్గాక పడింది. ఇప్పుడు మ్యాపులో మా ఇంటి ముందు కట్టడం కూల్చివేయబడినట్టు ఉంది.

టెంటు వేసిన ఆ ఆదివారం మధ్యాహ్నానికి మబ్బు విడింది. నీలం చుక్క మా ఇంటి ముందుకు వచ్చింది. అమ్మాయి మొదటి ఫోటో తీసింది, అందులో ఆడవాళ్లందరూ పడ్డారు. ఇక రెండోది మిగిలింది. టెంటువాళ్లు వచ్చి తాడు మీద చెయ్యి వేశారు. లేవడానికి ఆడవాళ్లు చీరలు సర్దుకోవడం మొదలుపెట్టారు. అమ్మ నన్ను పిలిచింది.

"ఉండనీరా, అప్పుడే విప్పొద్దు," అంది మెల్లగా. "నాను నిజంగా పోయిన నాడు ఈళ్లందరూ మళ్లీ ఒత్తారు. అప్పుడు నాను సూడలేను గదా."

టెంటువాళ్లను రేపు రమ్మని పంపేసి, టీకి మళ్లీ నీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లాను.