గొడుగు చాటున రెండు గ్లాసులు

వాన లేదు, ఎండ లేదు. పైన రేకుల కప్పు ఉన్న వరండాలో కూర్చుని గొడుగు తెరిచే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఒక్కరోజు కాదు, రెండు నెలల పాటు, సరిగ్గా సాయంత్రం నాలుగింటికి. పోనీ ఆ గొడుగు నెత్తిమీద పట్టుకునేదా అంటే అదీ కాదు. పక్కకు వంచి, మా వంటింటి కిటికీకి అడ్డంగా పెట్టేది.

అనుమానం రాదా మరి?

మా ఇంటికి ఎదురుగా, సందుకు అవతల, ఆడపిల్లల వసతిగృహం ఉంది. ఇంట్లో ఉండలేని పిల్లలు, ఇల్లే లేని పిల్లలు, పన్నెండేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా. మాది మేడమీద వాటా. కిటికీ తెరిస్తే వాళ్ళ వరండా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. పాత వార్డెను ఉన్నప్పుడు ఏ పిల్లకు జ్వరం వచ్చింది, ఏ పిల్ల లెక్కల్లో తప్పింది, అన్నీ నా చెవిన పడేవి. ఆవిడ మానేశాక ఈ కొత్తావిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. పొడుగ్గా, సన్నగా, భుజాన గుడ్డసంచీ, చంకలో నల్ల గొడుగు. అడిగితే పేరు చెప్పింది గానీ సందులో నేను పెట్టిన పేరే నిలిచింది: గొడుగావిడ.

మొదటిరోజే గేటు దగ్గర పలకరించాను.

"ఏ ఊరమ్మా మీది?"

"దూరమండీ."

"పిల్లలెంతమంది?"

"పద్దెనిమిది మందండీ."

"వసతిగృహం పిల్లల్ని కాదమ్మా, మీ సొంత పిల్లల్ని అడుగుతున్నా."

"పెద్దమ్మగారూ, మీ ఇంట్లో పాలు పొంగుతున్నట్టున్నాయి, వాసనొస్తోంది."

మోకాళ్ళ నొప్పి మరిచిపోయి మెట్లెక్కి చూస్తే, నేనసలు పొయ్యే వెలిగించలేదు. ఆ రోజు నుంచి ఆమె మీద ఓ కన్నేసి ఉంచాను.

కన్నేసి ఉంచిన కొద్దీ అనుమానం పెరిగిందే తప్ప తగ్గలేదు. సంచీలో ఎప్పుడూ పుస్తకాలుండేవి. ఒక్క పుస్తకానికీ అట్ట కనిపించేది కాదు, అన్నిటికీ పాత పేపరు చుట్టి ఉండేది. దాచవలసిన పుస్తకాలు ఎలాంటివై ఉంటాయి? గురువారం మధ్యాహ్నం పిల్లలు బడికి వెళ్ళాక ముందుగదిలో తలుపులు వేసుకుని కూర్చునేవారు. ఆమె, వంటావిడ, గేటు దగ్గరుండే ఆవిడ, పాఠాలు చెప్పే పంతులమ్మ. నలుగురూ తలలు వంచుకుని ఏదో రాసేవారు. వంటావిడకు రాతపనేమిటి?

కింద వాటాలో బట్టలు కుట్టే టైలరమ్మతో ఈ మాటే అన్నాను.

"కూర ఎలా వండాలో రాసుకుంటోందేమో పెద్దమ్మా, నిన్న మాడ్చేసింది కదా."

"వేళాకోళం కాదే. తలుపులెందుకు వేశారు?"

"తెరిచి ఉంటే నువ్వు లోపలికొచ్చి కూర్చుంటావని."

దాని నోటికి కత్తెర లేదు. ఉన్న కత్తెరంతా గుడ్డలకే.

అలా ఉండగా దుప్పటి పిల్ల వచ్చింది. పదిహేనేళ్ళు. మండుటెండలో కూడా ముదురు నీలం దుప్పటి తల నుంచి మోకాళ్ళ దాకా కప్పుకుని తిరిగేది. మంచినీళ్ళిస్తే వాసన చూసేది. వెలుతురుకు ఎత్తిపట్టి చూసేది. ఆ తర్వాత వరండా చివర మందార తొట్టిలో గుమ్మరించేది. నీళ్ళలో ఎవరో ఏదో కలుపుతున్నారని దాని భయం అని వంటావిడ చెప్పింది. వారానికోసారి వచ్చే డాక్టరు మాత్రలు రాశాడు. మాత్ర మింగాలంటే నీళ్ళు కావాలి, నీళ్ళంటేనే భయం. మూడు నెలలు చూస్తానని సూపరింటెండెంటు అన్నాడట. అప్పటికీ మందు పడకపోతే దూరాన ఉన్న పెద్దాసుపత్రికి, తాళాలు వేసే వార్డుకు పంపేస్తాడట.

సరిగ్గా అప్పుడే ఈ గొడుగు తతంగం మొదలైంది. నాలుగింటికి గొడుగావిడ పళ్ళెంలో రెండు గ్లాసుల నిండా నీళ్ళు తెచ్చేది. వెనకాలే దుప్పటి పిల్ల. ఇద్దరూ గోడవారన చతికిలబడేవారు. టప్‌మని గొడుగు తెరుచుకునేది. కింద అంచు నుంచి రెండు జతల పాదాలు తప్ప నాకింకేమీ కనిపించేది కాదు. పావుగంటకు గొడుగు ముడుచుకునేది. గ్లాసులు పళ్ళెంలో బోర్లించి ఉండేవి.

ఆ పావుగంటలో ఏం జరుగుతోంది? ఏం పోస్తోంది ఆ పిల్ల నోట్లో? నాకు తిండి సయించలేదు.

ఒక గురువారం జవాబు దానంతటదే నా కాళ్ళ దగ్గర పడింది. కాంపౌండు గోడ మీద ఎవరో పెట్టి మరిచిన పచ్చ అట్ట నోటు పుస్తకం గాలికి సందులో పడింది. తీసి ఇవ్వాలనే తీశాను. ఎవరిదో తెలియకుండా ఎవరికిస్తాం? అందుకని తెరిచాను. అట్ట లోపల గొడుగావిడ పేరుంది.

"గోడ అవతల వాళ్ళు నా గురించే మాట్లాడుకుంటున్నారు. నేను దగ్గితే ఆపుతారు." అది మొదటి పేజీ. "మూడు వారాలు నేను మంచం దిగలేదు. బద్ధకం అన్నారు. లేవడానికి కాళ్ళు నావి కావు." అది ఇంకో పేజీ. చివరి పేజీలో ఇలా ఉంది: "నీళ్ళలో ఏదో కలిపారని నాకు తెలుసు. వదిన ఇచ్చిన గ్లాసు కిటికీలోంచి పారబోశాను. వదిన ఏడ్చింది. ఆ ఏడుపు కూడా నటనే అనుకున్నాను."

పుస్తకం పొడుగునా నేను, నాకు, నన్ను. పేజీ పేజీకీ చేతిరాత మారిపోయింది. ఓ చోట గుండ్రంగా, ఓ చోట కోడి గీరినట్టుగా. పిచ్చి ముదిరినప్పుడల్లా రాత మారుతోందన్నమాట అనుకున్నాను. నా బుర్ర అంత చురుగ్గా పనిచేసింది ఆ రోజు. నీళ్ళ భయం ఆ పిల్లకు ఎక్కడ అంటిందో కూడా తేలిపోయింది. మతి సరిగా లేని మనిషి చేతిలో పద్దెనిమిది మంది ఆడపిల్లలు!

చెప్పులు వేసుకుని నేరుగా సూపరింటెండెంటు గదికి వెళ్ళాను. ఆయన నాలుగు పేజీలు చదివి కళ్ళజోడు తీశాడు. "మంచిపని చేశారమ్మా," అన్నాడు. విచారణ అయ్యేదాకా రావద్దని ఆ సాయంత్రమే గొడుగావిడను పంపేశాడు. ఆమె గేటు దాటుతూ తలెత్తి మా కిటికీ వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు నాలుగింటికి వరండా ఖాళీ. ఆ మర్నాడూ అంతే. గొడుగు అడ్డం లేదు, అంతా కనిపిస్తోంది, కనిపించడానికి ఏమీ లేదు. మూడోనాడు వంటావిడ చెయ్యి కూడా తుడుచుకోకుండా మా మెట్లెక్కి వచ్చింది.

"ఏం పెద్దమ్మా, కడుపు చల్లబడిందా? పిల్ల నిన్నటి నుంచి చుక్క నీళ్ళు ముట్టలేదు. మంచం కిందకి దూరింది. రేపు బండి వస్తోంది, తీసుకెళ్ళిపోతారు."

"నేనేం చేశానే? ఆమె రాసుకున్నదే చూపించాను."

"ఆమె రాసుకున్నదా? కోడి గీరినట్టున్న రాత నాది!"

నేను పీట వాల్చి కూర్చోమన్నాను.

అప్పుడు చెప్పింది. ఆ పేపరు చుట్టిన పుస్తకాలన్నీ మనసు జబ్బు పడి లేచినవాళ్ళు తమ బతుకు తామే రాసుకున్నవట. పిల్లలు చూసి భయపడకుండా అట్టలు కప్పేదట. గురువారం గురువారం ఒక్కొక్కరూ ఒక్కో పేజీ సొంత చేత్తో ఎత్తిరాయాలి. 'ఆమె', 'అతను' అని మార్చకూడదు. పుస్తకంలో నేను అని ఉంటే నేను అనే రాయాలి. ఆ తర్వాత పైకి చదవాలి. విన్నవాళ్ళు సలహా ఇవ్వకూడదు. ఆ క్షణాన ఆ మనిషికి ఏం కావాలో అది మాత్రం చెప్పాలి.

"మొదట్లో నేనూ నవ్వాను," అంది వంటావిడ. "మంచం దిగలేని ఆవిడ పేజీ రాశాక నవ్వు పోయింది. మా అక్క అట్లాగే పడుకునేది. నేను దుప్పటి లాగేసి నీళ్ళు చల్లేదాన్ని."

మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటు గదిలో నేను కూర్చున్నాను. బయట బండి ఆగి ఉంది. గొడుగావిడను కూడా పిలిపించారు. పొరపాటు పడ్డానని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఆయన ఊ కొట్టి ఆమె వైపు తిరిగాడు.

"అన్నీ పుస్తకాల్లోంచి ఎత్తిరాసినవేనా? ఇందులో మీ గురించి ఏమీ లేదు కదా?"

లేదని ఒక్క మాటంటే అయిపోయేది. బండి తిరిగి వెళ్ళిపోయేది. ఆమె గొడుగు పిడి మీద చేతులు పెట్టుకుని చెప్పింది.

"చివరి పేజీ నాదండీ. ఇరవై రెండేళ్ళ నాటి మాట. ఇప్పటికీ సాయంత్రం ఒక మాత్ర వేసుకుంటాను. మిగతావాళ్ళు పుస్తకంలోని వాళ్ళ గురించి రాస్తుంటే, నేను నాది దాచుకుని కూర్చోవడం బాగోదనిపించింది."

చెప్పొద్దూ, నా మనసు ఒక్కసారి ఎగిరి గంతేసింది. నేననుకున్నదే నిజం! సూపరింటెండెంటు కూడా ఫిర్యాదు కాగితం నా ముందుకు జరిపాడు.

"చూశారా? మీ అనుమానం ఊరికే పోలేదు. ఇక్కడ సంతకం పెట్టండి."

కలం చేతిలోకి తీసుకున్నాను. కానీ నా నోరు ఊరుకుంటుందా?

"ఏమ్మా, మరి మళ్ళీ నీళ్ళు తాగడం ఎట్లా మొదలుపెట్టావు?"

ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. "మా వదిన వాదించడం మానేసిందండీ. నా ఎదురుగా కుళాయి తిప్పి రెండు గ్లాసులు పట్టేది. నీకేది కావాలో తీసుకో అనేది. మిగిలింది తను తాగేది, ముందుగా. చుట్టూ జనం చూస్తుంటే మాత్రం నేను ముట్టేదాన్ని కాదు. అందుకని చీర కొంగు అడ్డం పెట్టేది."

కొంగు. గొడుగు. మా కిటికీ.

"ఈ పిల్ల కూడా రోజూ నాలుగింటికి తాగుతోందని, మాత్ర వేసుకుంటోందని ఈవిడ రిజిస్టర్లో రాసింది," అన్నాడు ఆయన. "భోజనాల దగ్గర ముట్టని పిల్ల ఈవిడ దగ్గర తాగుతుందా? ఈవిడే మందు మీద ఉంటే, ఈవిడ రాతకు సాక్ష్యం ఎవరు?"

"నేను," అన్నాను.

"మీరు చూశారా?"

"చూడనివ్వలేదు కదా! అయినా చెబుతా వినండి. రెండు గ్లాసులు నిండుగా వెళ్ళేవి, బోర్లించి వచ్చేవి. గొడుగు కింద నేల నాకు కనిపిస్తుంది, చుక్క పడలేదు. ఇంకో సంగతి. వరండా చివర మందార ఉంది చూడండి. ఆ పిల్ల వచ్చిన కొత్తలో పోసే నీళ్ళకు నవనవలాడేది. ఈ రెండు నెలల్లో ఎండి పుల్లైపోయింది. ఆ తొట్టికి నీళ్ళు పోసే దిక్కు ఇంకెవరూ లేరు మీ వసతిగృహంలో."

ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. తొట్టిలో మట్టి వేలితో పొడిచి చూశాడు. పగుళ్ళిచ్చి ఉంది. తిరిగొచ్చి, బండిని పంపేయమన్నాడు. ఆమె డాక్టరు చేత కాగితం రాయించి తేవాలని, మూడు నెలలు ఇద్దరినీ గమనిస్తానని గొణిగాడు. ఆయన అనుమానం ఆయనది. నేను సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకున్నాను, ఆయన మళ్ళీ ఎవరి చేతా సంతకం పెట్టించకుండా.

బయటికొస్తూ ఆమెతో అన్నాను, "మరి నాతో మొదటే చెప్పి ఉండొచ్చు కదమ్మా?"

"చెబితే కిటికీ మూసేవారా?"

అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. నీళ్ళలో ఏదో కలుపుతున్నారని ఆ పిల్ల అనుకుంది. గొడుగు చాటున ఏదో పోస్తున్నారని నేననుకున్నాను. ఆ పిల్లకైతే డాక్టరున్నాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి మళ్ళీ టప్‌మని గొడుగు తెరుచుకుంది. మా కిటికీ వైపే. ఆమెకు నా మీద నమ్మకం కుదరలేదు, ఎందుకు కుదరాలి?

టైలరమ్మ దగ్గరకు వెళ్ళి వంటింటి కిటికీకి మందపు తెర కుట్టమన్నాను. అది టేపు మెడలో వేసుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"మధ్యలో ఓ కన్నం పెట్టమంటావా పెద్దమ్మా, కాజా కుట్టేస్తా?"

"నోరు మూసుకుని కుట్టు."

తెర వేసి పది రోజులైంది. నాలుగింటికి గొడుగు చప్పుడు రోజూ వినేదాన్ని. ఇవాళ వినబడలేదు. గడియారం నాలుగుంబావు చూపించింది. పళ్ళెం మీద గ్లాసులు పెట్టిన చప్పుడు వినబడింది, పిల్ల గొంతు కూడా ఏదో అంది, గొడుగు మాత్రం తెరుచుకోలేదు. అడ్డం లేకుండానే తాగుతోందా? లేక ఆమె నన్ను పరీక్షిస్తోందా? తెర అంచు నా వేళ్ళ మధ్యకు ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు. పావుగంటా దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను. తీయలేదు.