తోడేలు పేరున్న ఇద్దరు

ఎనిమిదేళ్ళుగా ఒక పరాయి దేశపు మనిషిని మనసులో మోస్తున్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు మాత్రం చెబుతున్నాను.

మాదాపూర్‌లో నా ఉద్యోగం గురించి వింటే నవ్వుతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లిథువేనియా అడవుల్లో దాక్కుని సోవియట్ సైన్యంతో పోరాడినవాళ్ళ పాత కాగితాలను, ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని, కంప్యూటర్‌లోకి, అక్కణ్ణుంచి అందరూ చూసే వెబ్‌సైట్‌లోకి ఎక్కించడం. వాళ్ళు దేశాన్ని ప్రాంతాలుగా, ప్రాంతాలను జిల్లాలుగా, జిల్లాలను దళాలుగా పంచుకున్నారు. ఇంటివాళ్ళకు ముప్పు రాకూడదని ప్రతివాడికీ ఒక మారుపేరు. ఏ మారుపేరు ఎవరిదో తేల్చడం మా పని. ఒకే మారుపేరు రెండు చోట్ల కనిపిస్తే, వయసు, ఊరు రెండూ సరిపోతేనే ఇద్దరినీ ఒకరిగా కలపాలి.

ఒక జిల్లాలో 'తోడేలు' ఉన్నాడు. అసలు పేరు ఉంది, ఊరు ఉంది, చివరికి ఏమయ్యాడో లేదు. పక్క జిల్లాలోనూ ఒక 'తోడేలు'. అతనికి అసలు పేరు లేదు. పట్టుబడి, తోటివాళ్ళు దాక్కున్న చోటు చెప్పేశాడని మాత్రం ఉంది. ఆ రోజు టార్గెట్ సగం కూడా కాలేదు. జిల్లా మారి ఉంటాడులే అనుకుని కలిపేశాను.

పక్క సీటులో జనగామ నుంచి వచ్చిన సంధ్య చూసింది.

"అక్కా, ఇద్దర్ని ఒక్కటే చేసినవేంది? మా తాత దళంల ఉన్నప్పుడు గిట్లనే మారుపేర్లు పెట్టుకుంటుండిరంట. ఒక్క పేరు నలుగురికి ఉంటుండెనంట. జర మళ్ల చూడరాదు."

"ఎప్పుడో పోయినవాళ్ళు సంధ్యా. ఎవరొచ్చి అడుగుతారు?"

అడిగారు. రెండేళ్ళకు, నేను టీమ్ లీడ్‌నయ్యాక, ఒక పెద్దావిడ మెయిల్ పంపింది. మీ పేజీలో మా నాన్నను ద్రోహి అని రాశారు, ఆయన అడవిలోనే కాల్పుల్లో చనిపోయాడు అని. సోవియట్ సైనికులు శవాన్ని ఊరి చౌరస్తాలో పడేశారట. ఏడిస్తే పిల్లల్ని కూడా పట్టుకుపోతారని వాళ్ళమ్మ, ఎవరో తెలియనట్టు పక్క నుంచి నడిచి వెళ్ళిపోయిందట.

కాగితాలు తెరిచి చూశాను. రెండో తోడేలు వయసు వెనక పేజీలోనే ఉంది. ఇద్దరికీ ఇరవై ఏళ్ళ తేడా. అప్పుడు తెలిసింది కదా, మరి ఎందుకు దిద్దలేదు? దిద్దితే కలిపినవాళ్ళ పేరు బయటికొస్తుంది, కొత్త పదవి పోతుంది, సంధ్య ముందు తల ఎక్కడ పెట్టుకోను అని. నిజం చెప్పాలంటే ఆ చివరిదే ఎక్కువ బాధించింది. "మూలపత్రాల్లో ఉన్నట్టే నమోదు చేశాం" అని జవాబిచ్చి ఆ ఫిర్యాదు మూసేశాను. సిగ్గుగా ఉంది. ఇంత చిన్న కారణమా అని ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నిన్న ఆ కాగితాలు మాకు పంపినవాళ్ళకు అంతా రాశాను, ఇప్పుడు పేజీ దిద్దగలిగేది వాళ్ళే. జవాబు లేదు. ఆవిడకు రాసిన మెయిల్ చేరకుండా తిరిగొచ్చింది. బతికుందో లేదో తెలియదు. పేజీ ఇంకా అలాగే ఉంది.

క్షమించమని అడగను. చెప్పాను కాబట్టి కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. ఆయన ఎవరినీ పట్టివ్వలేదు. ఆయన్ని పట్టిచ్చింది నేను.